సీట్ల లెక్క, సవారీల లెక్క

ప్రయాణికులను కిరాయికి ఎక్కించుకునే బండ్లను మోటారు వాహనాల చట్టం ప్రధానంగా రెండు తరగతులుగా విడదీస్తుంది. దారి పొడవునా ఆగుతూ, ఎక్కిన ఒక్కొక్కరి దగ్గర విడివిడిగా చార్జీ తీసుకుంటూ నడిచేది ‘స్టేజ్ క్యారేజ్’, అంటే ఆర్టీసీ బస్సు వంటిది. ఒక మనిషో ఒక కుటుంబమో మొత్తంగా మాట్లాడుకుని, మధ్యలో ఇంకెవరినీ ఎక్కించుకోకుండా వెళ్లేది ‘కాంట్రాక్ట్ క్యారేజ్’, అంటే ఆటో, టాక్సీ, పెళ్లిళ్లకూ తీర్థయాత్రలకూ మాట్లాడుకునే టెంపో వ్యాను వంటివి. 1988 నాటి చట్టం గీసిన ఈ గీత కాగితం మీద స్పష్టంగానే ఉంది. చార్మినార్‌కు కూతవేటు దూరంలో, ఇరుకు గల్లీల నడుమ ఉన్న మొఘల్‌పురాలో మాత్రం కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిటు ఉన్న ఆటో వీధి మొగలో ఆగి ‘ఏక్ సవారీ, ఏక్ సవారీ’ అని పిలుస్తూ, తలకు ఇంతని తీసుకుంటూ, స్టేజ్ క్యారేజ్ చేయవలసిన పనిని చేస్తుంది. దక్కనీ ఉర్దూలో సవారీ అంటే ప్రయాణికుడు. పాతబస్తీలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు కూడా ఆటో దగ్గరికి వచ్చేసరికి ఆ మాటే వాడతారు.

దీని మొదటి ఫలితం ఏమిటంటే, షేర్ ఆటో కదిలిన క్షణమే పర్మిటు షరతుల ఉల్లంఘన మొదలవుతుంది. డ్రైవరు నెమ్మదిగా నడిపినా దురుసుగా నడిపినా, ముగ్గురినే ఎక్కించినా తొమ్మిది మందిని కుక్కినా, చట్టం కంటికి అతను ముందే తప్పు చేసినవాడు. అందరూ తప్పులోనే ఉన్నప్పుడు ఎవరినైనా ఏ రోజైనా పట్టుకోవచ్చు. అందువల్లనే చాలా రోజులు ఎవరినీ పట్టుకోనక్కర లేదు. బ్రేకులు అరిగిన బండినీ బాగున్న బండినీ వేరు చేసి చూడడం, అంటే ప్రాణాలకు సంబంధించిన అసలు పని, ఈ రెంటి మధ్య జారిపోతుంది. రోడ్డు భద్రత విషయంలో ప్రభుత్వం ‘పట్టించుకోదు’ అని ఒకసారి, ‘పట్టి పీడిస్తుంది’ అని మరొకసారి జనం అనడం పొంతన లేని మాటల్లా వినిపిస్తుంది గాని, రెండూ ఒకే యంత్రాంగం గురించి చెప్పిన నిజాలే.

బండిని దగ్గరగా చూస్తే ఈ ఉల్లంఘన ఎంతగా స్థిరపడిపోయిందో తెలుస్తుంది. మామూలు ప్రయాణికుల ఆటోకు రిజిస్ట్రేషన్ పత్రంలో ఉండే లెక్క డ్రైవరు కాక ముగ్గురు. వాడుకలో, వెనక బెంచీ మీద నలుగురు సర్దుకుంటారు. డ్రైవరు సీటు వెనక ఇనుప కమ్మీకి బిగించిన సన్నని పలక మీద, ఎదుటివారి మోకాళ్లకు మోకాళ్లు తగులుతుండగా, మరో ఇద్దరో ముగ్గురో కూర్చుంటారు. డ్రైవరుకు అటొకరూ ఇటొకరూ, సగం సీటు మీద, సగం గాలిలో. ఆ పలకకు స్పాంజి పెట్టి, రెగ్జిన్ కప్పి, అంచుల వెంట మేకులు కొట్టి ఉంటుంది. ఏదో ఒక పూట అవసరానికి అడ్డం వేసిన చెక్క కాదది, దానికంటూ ఒక పనివాడు, ఒక ధర, ఒక కొలత ఉన్న వస్తువు. రవాణా బండి రోడ్డు మీద తిరగడానికి యోగ్యంగా ఉందని మోటారు వాహన ఇన్‌స్పెక్టరు, జనం నోట్లో బ్రేక్ ఇన్‌స్పెక్టరు, ఇచ్చే ధ్రువీకరణనే ఫిట్‌నెస్ పత్రం అంటారు. కొత్త బండికి ఎనిమిదేళ్లు నిండేవరకు రెండేళ్లకోసారి, ఆ తరవాత ఏటా దాన్ని పునరుద్ధరించుకోవాలి. అటువంటి పరీక్షకు వెళ్లే రోజున నాలుగు బోల్టులు విప్పితే ఆ పలక ఊడి వస్తుంది, మర్నాడు మళ్లీ బిగుసుకుంటుంది. పరీక్ష నెగ్గే బండి, ప్రయాణికులను మోసే బండి ఒకే నంబరు ప్లేటు కింద ఉన్న రెండు వేర్వేరు బండ్లన్నమాట.

మూడు చక్రాల బండిలో ముందు చక్రం ఒక్కటే కాబట్టి బరువు ఎక్కడ పడుతుందనేది నాలుగు చక్రాల బండిలోకంటే ఎక్కువ ముఖ్యం. డ్రైవరు పక్కన కూర్చున్న మనిషి మోకాలు హ్యాండిలు తిరిగే దారిలోనే ఉంటుంది. మలుపులో బరువంతా బయటివైపుకు ఒరిగితే లోపలివైపు వెనక చక్రం తేలికపడుతుంది. పలక మీద వెనకకు తిరిగి కూర్చున్నవారికి ముందు ఏం వస్తోందో కనపడదు, ఒక్కసారిగా బ్రేకు వేస్తే పట్టుకోవడానికి ఎదుటివారి భుజం తప్ప ఏదీ ఉండదు. 2019 జనవరి నుంచి కొత్తగా నమోదయ్యే ప్రజా రవాణా వాహనాలకు బండి ఎక్కడుందో చెప్పే పరికరం, ఆపదలో నొక్కే మీట తప్పనిసరి చేస్తూ కేంద్రం నిబంధన తెచ్చింది. అందులో ఆటోలకు, ఈ-రిక్షాలకు మినహాయింపు ఇచ్చింది. చార్మినార్ చుట్టుపక్కల ఆడవాళ్లు ఎక్కువగా ఎక్కే బండి ఏదో, ఆ రక్షణ సరిగ్గా ఆ బండి గడప దగ్గరే ఆగిపోయింది.

ఇంత ప్రమాదమని తెలిసీ జనం ఎందుకెక్కుతారన్న ప్రశ్నకు జవాబు బస్సు చరిత్రలో ఉంది. నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైన రోడ్డు రవాణా శాఖ దేశంలోనే తొలి ప్రభుత్వ బస్సు వ్యవస్థల్లో ఒకటి. దాని వారసురాలిగా 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడింది. ఆపై జాతీయీకరణ, అంటే ఒక మార్గంలో ప్రైవేటు బస్సుల పర్మిట్లు తొలగించి ఆ మార్గాన్ని ప్రభుత్వ సంస్థకే కట్టబెట్టడం, జిల్లా తరవాత జిల్లాగా సాగింది. కృష్ణా జిల్లా ప్రైవేటు బస్సు యజమానులు దీన్ని సవాలు చేసిన గుల్లపల్లి నాగేశ్వరరావు కేసులో 1958 నవంబరులో సుప్రీంకోర్టు ప్రభుత్వ ఉత్తర్వును కొట్టివేసింది. అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి, విన్నవారొకరు నిర్ణయించినవారొకరైతే ఆ విచారణకు అర్థం లేదన్నది తీర్పులోని ముఖ్యాంశాల్లో ఒకటి. న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికీ చదివే ఈ తీర్పు తరవాత ప్రభుత్వం పద్ధతి సరిచేసుకుని జాతీయీకరణను కొనసాగించింది గాని, విన్నవారొకరు, నిర్ణయించేవారొకరు అనే జబ్బు రవాణా పాలనను వదిలిపోయిందని చెప్పడం కష్టం.

మార్గాలు ఆర్టీసీ పేరున ఉన్నాయి; బస్సులు మాత్రం గల్లీల్లోకి రాలేవు. నిలువెత్తు గోడల మధ్య రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి నడవాల్సిన దారుల్లో పన్నెండు మీటర్ల బస్సు ఊహకే అందదు. చార్మినార్ చుట్టూ వాహనాలను ఆపి పాదచారులకు వదిలిపెట్టే పథకం కట్టడానికి మేలు చేసింది, పర్యాటకులకు మేలు చేసింది. సామానుతో, చంకలో బిడ్డతో బస్సు దిగిన మనిషికి మాత్రం ఇంటి దాకా నడక పెరిగింది. ఫలక్‌నుమా దాకా ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉంది. అయితే మొఘల్‌పురా చుట్టుపక్కల బీబీ బజార్, హరిబౌలి, సుల్తాన్‌షాహీల్లో ఉండే మనిషి ముందు ఆ స్టేషను చేరుకోవాలి, అందుకు మళ్లీ ఆటోనే ఎక్కాలి. పెద్ద బస్సు వెళ్లలేని దారులకు చిన్న బండి కావాలన్న తెలివి ప్రభుత్వానికి ఒకప్పుడు లేకపోలేదు. జంట నగరాల యువతకు ఉపాధి, శిక్షణ కల్పించడానికి 1978లో ఏర్పాటైన సెట్విన్ సంస్థ నిరుద్యోగుల చేత మినీబస్సులు నడిపించింది. నిర్ణీత మార్గం, నిర్ణీత సీట్లు, చేతిలో టికెట్టు ఉన్న ఆ చిన్న బస్సులు పాతబస్తీ నడివయసువారికి ఇంకా గుర్తే. ఆ ప్రయోగం పెరగవలసిన కాలంలో తరిగింది. అది ఖాళీ చేసిన చోటును షేర్ ఆటో, టాటా మ్యాజిక్ వంటి బండ్లు ఆక్రమించాయి, వాటికి నిర్ణీత మార్గమూ లేదు, సీట్లకు హద్దూ లేదు, టికెట్టూ లేదు.

చట్టం ఈ బండ్లను ఎలా శిక్షిస్తుందో చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. 2019 సవరణలో చేర్చిన 194ఎ సెక్షను ప్రకారం పరిమితికి మించి ఎక్కించిన ప్రతి ప్రయాణికుడికి 200 రూపాయల జరిమానా. ఇది అందరూ చెప్పే భాగం. అదే సెక్షనులో రెండో భాగం ఒకటుంది: అదనపు ప్రయాణికులను దింపి, వారికి ప్రత్యామ్నాయ రవాణా ఏర్పాటు చేసేవరకు ఆ బండిని కదలనివ్వరాదు. అంటే ఎక్కువైన సవారీని రోడ్డు మీద దించేసి చేతులు దులుపుకోవడం చట్టం ఊహించిన పద్ధతి కాదు. ఆ మనిషిని ఇంటికి చేర్చడం కూడా భద్రతలో భాగమేనని శాసనం రాసినవారు గ్రహించారు. ప్రత్యేక తనిఖీల రోజున మొదటి భాగం చలానాగా అమలవుతుంది. రెండో భాగం, రోడ్డు పక్కన సంచి పట్టుకుని ఇంకో ఆటో కోసం చెయ్యెత్తే ఆడమనిషి రూపంలో, అమలు కాకుండా నిలబడి ఉంటుంది. ఆమె ఎక్కే ఆ ఇంకో ఆటో కూడా నిండినదే.

చలానా సంగతి ఇంకా చిత్రమైనది. పెంచిన జరిమానాలు 2019 సెప్టెంబరు 1 నుంచి దేశమంతటా అమల్లోకి రావలసి ఉండగా తెలంగాణ సహా కొన్ని రాష్ట్రాలు వెంటనే అమలు చేయలేదు. పేరుకుపోయిన బకాయిలను వసూలు చేయడానికి 2022 మార్చిలో రాష్ట్రం రాయితీ ప్రకటించింది. 2023 డిసెంబరులో మరోసారి, ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 80 శాతం దాకా, ప్రకటించింది. ఖజానా లెక్కలో ఇది తెలివైన పనే కావచ్చు. కాని తప్పుకు వెల కట్టి, ఆ వెలను పండగ బట్టల మాదిరి తగ్గింపు ధరకు అమ్మాక, ఆ తప్పు ప్రమాదకరమైనదని ఎవరికి చెప్పినా నమ్మరు. రాయితీ వస్తుందని ఆగినవాడు గెలిచాడు, వెంటనే కట్టినవాడు ఓడాడు.

పాలన ఎన్ని ముక్కలైందో చూస్తే ఈ ఉదాసీనతకు ఎవరో ఒకరిని తప్పుపట్టడం కూడా కష్టమని తేలుతుంది. పర్మిటు, ఫిట్‌నెస్, లైసెన్సు రవాణా శాఖవి. రోడ్డు మీద ఆపి చలానా రాసేది ట్రాఫిక్ పోలీసులు. గుంతలు పూడ్చేది నగరపాలక సంస్థ. బస్సు నడిపేది ఆర్టీసీ. బడికి గుర్తింపు ఇచ్చేది విద్యాశాఖ. నష్టపరిహారం తేల్చేది న్యాయస్థానం. మొఘల్‌పురాలో ఒక ఆటో బోల్తా పడితే వీరిలో ప్రతి ఒక్కరి చేతిలోనూ ఒక కాగితం ఉంటుంది, ఎవరి చేతిలోనూ మొత్తం ప్రయాణం ఉండదు. దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ తెలంగాణలోనే ఉంది. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలాదారు లేని రైల్వే క్రాసింగు దాటుతున్న బడి బస్సును ప్యాసింజరు రైలు ఢీకొని పదహారు మంది పిల్లలు, వారితో పాటు బస్సు సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. రైల్వే శాఖ ఆ తరవాతి ఏళ్లలో బ్రాడ్‌గేజ్ మార్గాల మీద కాపలా లేని క్రాసింగులన్నింటినీ తొలగించే పని చేపట్టి 2019 మొదట్లో పూర్తి చేసింది. పట్టాలు, గేటు, కాపలాదారు, బడ్జెటు ఒకే యజమాని కింద ఉండడం వల్ల ‘ఇది మా పని కాదు’ అని అనడానికి అక్కడ చోటు దొరకలేదు. అదే బస్సు క్రాసింగుకు రాకముందు నడిచిన రోడ్డుకు అటువంటి యజమాని ఇంతవరకు దొరకలేదు.

బడి పిల్లల ప్రయాణంలో ఈ చీలిక మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 1997 నవంబరులో ఢిల్లీలో బడి బస్సు యమునలో పడి పిల్లలు చనిపోయిన తరవాత ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు బడి బస్సులకు నియమాలు పెట్టింది: బండి మీద బడి పేరు, ఫోను నంబరు ఉండాలి, కిటికీలకు అడ్డ కమ్మీలు, ప్రథమ చికిత్స పెట్టె, మంటలార్పే పరికరం, వేగ నియంత్రణ, అనుభవమున్న డ్రైవరు, పిల్లలతో ఒక సహాయకుడు ఉండాలి. పసుపు రంగు బస్సుకు ఇవన్నీ అన్వయిస్తాయి, ఏటా జూన్‌లో బడులు తెరిచే ముందు రవాణా శాఖ వాటినే వరసగా నిలబెట్టి తనిఖీ చేస్తుంది, ఫొటోలు కూడా వాటివే వస్తాయి. మొఘల్‌పురా గల్లీల్లోకి పసుపు బస్సు రాదు. అక్కడి పిల్లలు ఆటోలోనో, తల్లిదండ్రులు నెలకు ఇంతని మాట్లాడుకున్న వ్యానులోనో వెళతారు. బడికి ఆ బండితో సంబంధం లేదు, ఎందుకంటే మాట్లాడుకున్నది తల్లిదండ్రులు. తల్లిదండ్రులకు బండి కాగితాలు అడిగే అధికారం లేదు, అడిగినా ఇంకో బండి దొరకదు.

పొద్దున ఎనిమిదింటికి అటువంటి ఆటో ఒకటి మలుపు తిరుగుతుంటే ముందుగా కనిపించేవి పిల్లలు కాదు, సంచులు: రెండు పక్కలా కమ్మీలకు తగిలించిన కొక్కేలకు పదీ పన్నెండూ వేలాడుతూ, ఎదుటి బండి అద్దానికి తగులుతూ, నీళ్ల సీసాలు టకటకమంటూ ఉంటాయి. లోపల పెద్ద పిల్లల ఒళ్లో చిన్న పిల్లలు, పలక మీద నలుగురు, డ్రైవరు పక్కన అందరికంటే ధైర్యవంతుడైన ఒకడు. ఆటోలో ఆరుగురికి మించి పిల్లలను ఎక్కించరాదని హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు చెబుతూనే ఉంటారు. ఆరుగురితో నడిపితే నెల కిరాయి రెట్టింపు చేయాలని డ్రైవరు, రెట్టింపు ఇవ్వలేమని తల్లిదండ్రులు చెబుతారు. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. ఆ లోటును ఎవరు భరించాలన్న ప్రశ్న మాత్రం నాలుగో మనిషి ముందుకు, అంటే ప్రభుత్వం ముందుకు, రాలేదు. 1984లో వచ్చి ఎన్నో ఊళ్లలో బడి వ్యానుగా స్థిరపడిన మారుతీ ఓమ్నీ తయారీ కొత్త భద్రతా ప్రమాణాల కారణంగా 2019లో ఆగిపోయింది. తయారీ ఆపించగలిగిన ప్రమాణం, అప్పటికే రోడ్డు మీద ఉన్న వేల బండ్లలో కూర్చున్న పిల్లలకు వర్తించదు.

సీట్ల లెక్క అసలు బరువు తెలిసేది ప్రమాదం జరిగిన తరవాత, నష్టపరిహారం దగ్గర. మోటారు ప్రమాద పరిహార కేసులు విని తీర్పు చెప్పే ప్రత్యేక న్యాయస్థానాన్ని క్లెయిమ్స్ ట్రైబ్యునల్ అంటారు. ప్రయాణికుల బండి మీద ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత పర్మిటులో రాసిన సీట్ల సంఖ్యకు కట్టుబడి ఉంటుంది. పరిమితికి రెట్టింపు మందితో ఉన్న ఒక బస్సు హిమాచల్ ప్రదేశ్‌లో ప్రమాదానికి గురైన అంజనా శ్యామ్ కేసులో 2007లో సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది: ట్రైబ్యునల్ మంజూరు చేసిన మొత్తాల్లో అతి పెద్దవాటిని సీట్ల సంఖ్య మేరకు కలిపి, ఆ మొత్తాన్ని కంపెనీ కట్టాలి, దాన్ని బాధితులందరికీ వారి వారి వంతు ప్రకారం పంచాలి, మిగిలింది బండి యజమాని నుంచి రాబట్టుకోవాలి. ఉదాహరణకు ముగ్గురికి పర్మిటు ఉన్న ఆటోలో తొమ్మిది మంది గాయపడి, అందరికీ సమానంగా మూడేసి లక్షలు మంజూరయ్యాయనుకుంటే, కంపెనీ కట్టేది తొమ్మిది లక్షలే, తలకు వచ్చేది లక్షే. మిగతా రెండేసి లక్షల కోసం అద్దెకు తీసుకున్న బండి నడిపే డ్రైవరు మీదా, ఫైనాన్సులో ఉన్న బండి యజమాని మీదా పడాలి. ఎనిమిదో సవారీగా ఎక్కిన మనిషికి తాను తన రక్షణను మాత్రమే కాక అప్పటికే కూర్చున్నవారి పరిహారాన్ని కూడా కోసేస్తున్నానని తెలియదు. చెప్పవలసినవారు చెప్పనూ లేదు. ప్రతి ఆటో వెనకా నినాదాలు రాయించే శాఖలు ఈ ఒక్క వాక్యాన్ని రాయించి ఉంటే ఎక్కువ పని జరిగేదేమో.

సరుకుల బండి ఎక్కినవారి స్థితి ఇంకా కష్టం. కిరాయిచ్చి గూడ్సు బండిలో ప్రయాణించినవారికి బీమా కంపెనీ బాధ్యత వహించనక్కర లేదని ఆశా రాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2022 మే 8న కామారెడ్డి జిల్లాలో ఎల్లారెడ్డి సమీపాన జనంతో నిండిన ట్రాలీ వాహనం లారీని ఢీకొని తొమ్మిది మంది చనిపోయినప్పుడు కూడా వారు ఎక్కింది సరుకుల బండే. డ్రైవర్ల లైసెన్సు విషయంలో మాత్రం కొంత ఊరట దొరికింది: ఏడున్నర టన్నుల లోపు బరువున్న రవాణా బండిని తేలికపాటి వాహన లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పడంతో, లైసెన్సు సరైనది కాదన్న సాకుతో పరిహారం ఎగవేసే దారి మూసుకుపోయింది. పరిహారం కోరడానికి ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలల గడువు 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఆ గడువు కోర్టులో సవాలుకు గురైనా, ఆస్పత్రుల చుట్టూ తిరిగే కుటుంబం దాన్ని గుర్తుంచుకోవడమే మంచిది.

ఊరి బయట రోడ్ల మీద ఇదే కథ పెద్ద అంకెలతో నడుస్తుంది. 2018 మార్చిలో నిజామాబాద్ జిల్లా మెండోరా దగ్గర కిక్కిరిసిన ఆటో రోడ్డు పక్క గట్టు లేని వ్యవసాయ బావిలో పడి కనీసం పదిమంది ప్రాణాలు పోయాయి. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు, ఆ బస్సులో వందమంది దాకా ఉన్నారు. 2021 ఫిబ్రవరి 14న మదనపల్లె నుంచి అజ్మీరు బయలుదేరిన టెంపో వ్యాను కర్నూలు జిల్లా మాదార్‌పురం వద్ద లారీని ఢీకొని పద్నాలుగు మంది. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సు మీదికి వచ్చి పంతొమ్మిది మంది. కొండగట్టు, చేవెళ్ల పేర్లు ఇక్కడ ఎందుకంటే, వ్యానును తిట్టి బస్సును పొగిడితే సరిపోదని చెప్పడానికి. చేవెళ్ల రోడ్డును వెడల్పు చేయాలని అక్కడివారు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. దారి పక్క మర్రిచెట్ల కేసు ఒకవైపు, కదలని ఫైలు ఒకవైపు ఉండగా టిప్పర్లు మాత్రం ఆగలేదు. ప్రమాదం తరవాత ధర్నా, మంత్రుల పరామర్శ, పరిహార ప్రకటన, వారం రోజుల తనిఖీలు అనే వరస తెలుగు జనానికి ఎంత అలవాటైందంటే, వారం అయ్యాక ఏమవుతుందో ముందే చెప్పగలరు.

డ్రైవర్ల పక్షం వినకపోతే ఈ చిత్రం సగమే. రోజు అద్దెకు బండి తీసుకున్నవాడు మొదటి గంటలు అద్దె కోసం, తరవాతి గంటలు ఇంధనం కోసం నడిపి, చివరి కొన్ని గంటలు మాత్రమే ఇంటి కోసం నడుపుతాడు. ఏడో సవారీ, ఎనిమిదో సవారీ అతని లెక్కలో లాభం కాదు, కూలి. 2023 డిసెంబరు 9న మహిళలకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం మొదలయ్యాక షేర్ ఆటోల గిరాకీ పడిపోయిందని డ్రైవర్లు రోడ్డెక్కారు, ఎన్నికల్లో హామీ ఇచ్చిన ఏటా 12,000 రూపాయల సాయం కోసం ఆందోళనలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి వాహన మిత్ర పేరుతో ఒక ప్రభుత్వం 10,000 రూపాయలు, 2025 అక్టోబరు నుంచి మరో ప్రభుత్వం మరో పేరుతో 15,000 రూపాయలు ఇచ్చాయి. ఈ డబ్బు ఏదీ సీటుకో, సవారీల పరిమితికో ముడిపడి లేదు. డ్రైవరుకు ఓటు ఉందని ప్రభుత్వాలకు తెలుసు. ఆ పలక మీద కూర్చున్న పిల్లలకు లేదు.

ఇలాంటి బండ్లతో కెన్యాకు యాభై ఏళ్లకు పైబడిన అనుభవం ఉంది. అక్కడి ప్రయాణికుల వ్యానును మటాటూ అంటారు. ఒకప్పటి చార్జీ మూడు నాణేలని గుర్తుచేసే ‘టాటు’, అంటే మూడు, అన్న స్వాహిలీ మాట నుంచి ఆ పేరు వచ్చిందంటారు. 2004 ఫిబ్రవరిలో రవాణా మంత్రి జాన్ మిచూకీ పద్నాలుగు సీట్ల పరిమితి, ప్రతి సీటుకూ బెల్టు, వేగ నియంత్రణ పరికరం, మార్గం పేరు రాసిన పసుపు చార ఒక్కసారిగా తప్పనిసరి చేశారు. తొలి రోజుల్లో బండ్లు లేక నైరోబీ జనం మైళ్లకు మైళ్లు నడిచారు, బండ్లలో క్రమశిక్షణ వచ్చింది, నిఘా సడలగానే చాలావరకు పాత దారికే వెళ్లింది. ఆ తరవాత హబ్యారిమానా, జాక్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు బండ్ల లోపల, వేగంగా నడిపితే డ్రైవరును గట్టిగా అడగండని ప్రయాణికులను ప్రోత్సహించే స్టిక్కర్లు అంటించి పరీక్షించారు. 2011లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఆ బండ్ల బీమా క్లెయిములు సగానికి పైగా తగ్గాయి. ఈ కథను మొఘల్‌పురాకు యథాతథంగా తెచ్చుకోలేం. పద్నాలుగు మంది సొంత సీట్లలో కూర్చున్న వ్యానులో గొంతెత్తడం వేరు. తానే అదనపు సవారీగా, పలక అంచు మీద, దించేస్తే ఇంకో బండి దొరకదన్న భయంతో కూర్చున్న మనిషి గొంతెత్తడం వేరు. సీటు మీద హక్కు ఉన్నవారికే అడిగే ధైర్యం వస్తుంది.

ఆ హక్కు ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర లేదు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టం 67వ సెక్షనులో చేరిన మూడో ఉపసెక్షను, పర్మిటు నియమాలతో నిమిత్తం లేకుండా, ఇంటి నుంచి స్టేషను దాకా ఉండే చివరి మైలు ప్రయాణం కోసం, పట్టణ రవాణా మెరుగుదల కోసం, రోడ్డు వాడేవారి భద్రత కోసం ప్రత్యేక పథకాలు రూపొందించి లైసెన్సులు ఇచ్చే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికే ఇచ్చింది. చార్మినార్ నుంచి చాంద్రాయణగుట్ట వరకు, శాలిబండ నుంచి ఫలక్‌నుమా వరకు ఇన్ని బండ్లు, ఒక్కో దానికి ఇన్ని సీట్లు, ఇంత చార్జీ అని ప్రకటించి, సొంత సీటుకు బెల్టున్న నాలుగు చక్రాల చిన్న బండ్లకు మారడానికి డ్రైవరుకిచ్చే సాయాన్ని ఆ షరతులతో ముడిపెడితే, ఇప్పుడు దొంగచాటుగా నడుస్తున్నదే పగటి వెలుగులో నడుస్తుంది. సెట్విన్ మినీబస్సు చూసిన నగరానికి ఇది కొత్త ఊహ కూడా కాదు. ఆర్టీసీ ఆదాయానికి గండి పడుతుందన్న అభ్యంతరం వస్తుంది. గల్లీలోకి రాని బస్సు గల్లీ నుంచి వచ్చే ఆదాయాన్ని ఎలా కోల్పోతుందో ఆ అభ్యంతరం చెప్పేవారు వివరించవలసి ఉంటుంది.

ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషను) నుంచి చాంద్రాయణగుట్ట వరకు ఏడున్నర కిలోమీటర్ల పాతబస్తీ మెట్రోకు 2024 మార్చి 8న ఫలక్‌నుమా వద్ద ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతెబార్ చౌక్, అలీజా కోట్లా, మీర్ మోమిన్ దాయిరా, హరిబౌలి, శాలిబండ మీదుగా, అంటే మొఘల్‌పురా భుజాన్ని రాసుకుంటూ, ఆ మార్గం వెళ్లాలి. దానికోసం రోడ్డు వెడల్పు, ఇళ్ల కొలతలు, పరిహార చెక్కులు మొదలయ్యాయి. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ పేర్లతో స్టేషన్లు అనుకున్నారు. స్తంభాల మధ్య దూరం ఎంత ఉండాలో, చారిత్రక కట్టడాలకు ఎంత ఎడంగా వెళ్లాలో నక్షాలు తయారయ్యాయి. ఆ స్టేషను మెట్లు దిగిన మనిషి బీబీ బజార్ గల్లీలోకి ఏ బండిలో వెళ్లాలో, ఆ బండిలో ఎన్ని సీట్లుండాలో చెప్పే కాగితం వాటితో పాటే తయారు కాకపోతే, మెట్ల కింద మొదటి రోజు నుంచే ‘ఏక్ సవారీ’ అన్న పిలుపు వినిపిస్తుంది, పలక అప్పటికే బిగించి ఉంటుంది.